నిదానంగా పండే విద్య

క్రిందటి మాఘమాసంలో, శివరాత్రి వెళ్ళిన మరునాడు, మా అక్కగారి ఊరు కలిగిరి వెళ్ళాను. నెల్లూరు జిల్లా పడమటి భాగం ఎరిగినవారికి ఆ రోజుల్లో అక్కడి గాలి ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. కావలి దాటి పడమటగా పోతున్నకొద్దీ వరిచేలు పలచబడి మెట్టపొలాలు మొదలవుతాయి. పొగాకు బ్యారన్లలో ఆకు కాలుతూ ఉంటుంది. ఆ ఘాటు బస్సులోకి కూడా వస్తుంది. కలిగిరిలో పొగాకు బోర్డువారి వేలం కేంద్రం ఉన్నది. ఆ చుట్టుపక్కల చాలా సంసారాలలో పిల్లల చదువులూ, పెండ్లిళ్ళూ, తీర్చవలసిన బాకీలూ అన్నీ అక్కడ పలికే ధర చుట్టూనే తిరుగుతూ ఉంటవి.

మా బావగారిదీ అటువంటి సంసారమే. ఒక్కతే కూతురు. బి.కాం. పూర్తిచేసి, కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకుంటానన్నది. హైదరాబాదులో ఉండి నేర్చుకోవాలంటే ఫీజూ, హాస్టలూ కలిసి తలకు మించిన ఖర్చు. అంచేత ఇంట్లోనే ఉండి, ఇంటర్నెట్టులో పాఠాలు చూసి తనంతట తానే నేర్చుకోవడానికి ఒప్పందం కుదిరింది. బేళ్లమ్మిన డబ్బులోంచి బావ ఒక లాప్‌టాపు కొని ఇచ్చాడు. "ఉగాది దాకా చూస్తాను. అప్పటికీ దారి కనపడకపోతే బి.ఇడి.లో చేరతావో, వచ్చిన సంబంధం చూడమంటావో నీ ఇష్టం" అన్నాడు. అది వినాయకచవితి నాటి మాట.

నేను వెళ్ళేసరికి ఉగాదికి నెల రోజులే ఉన్నది. లాప్‌టాపు బీరువా మీద ఉన్నది. పాత చీర ముక్కలో చుట్టి, బొమ్మల కొలువు పెట్టెలాగా దాచిపెట్టినట్లున్నది.

"ఏమ్మా, చదువు ఎంతవరకు వచ్చింది?" అన్నాను.

"చదువు రాలా మామా. నేనే ఆగిపోయినా" అన్నది పిల్ల. "ఐదు నెలలైంది. నా అంతట నేను ఇరవై వరసలు రాయలేకున్నా. వీడియో చూస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటది. మూసేస్తే ఏమీ లేదు. నా బుర్రకి ఎక్కలా."

రాత్రి పదింటికి కూర్చుంటే రెండింటి దాకా దీపం ఆరదని అక్కయ్య చెప్పింది. కళ్ళ కింద నల్లచారలు ఎవరూ చెప్పకుండానే కనపడుతున్నవి. మొదట సి అనే భాష మొదలుపెట్టింది. నెల తర్వాత ఎవరో జావా మంచిదన్నారట, అది పట్టుకున్నది. మరి నెలకు పైథాన్ తేలికన్నారట, అందులోకి వచ్చింది. ప్రతి భాషలోనూ మొదటి నాలుగు పాఠాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఐదో పాఠం దగ్గర బండి దిగబడింది.

ఈ కథ ఒక్క కలిగిరిది కాదు. చదువు పూర్తయిన బిడ్డ ఇంట్లో ఒక గదిలో తలుపు వేసుకొని ఇదే విద్య కోసం కుస్తీ పడుతున్న ఇళ్ళు తెలుగుదేశంలో వీధికి రెండు మూడుంటాయి. అందుకే ఇది వ్రాస్తున్నాను.

బ్యారన్ దగ్గర ఒక ప్రశ్న

ఆ సాయంత్రం బావతో బ్యారన్ దగ్గరికి నడిచాను. పచ్చి ఆకును కర్రలకు కట్టి, లోపల వరసలుగా వేలాడదీసి, తలుపు బిగించి పొయ్యి రాజేశారు. మొదటి ఒకటి రెండు రోజులూ వేడి 35 డిగ్రీల ప్రాంతాన్నే ఉంచుతారు. కోసినప్పటికీ ఆకులో ఇంకా ప్రాణం ఉంటుంది. ఆ మెత్తని వేడిలో లోపలి పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. పచ్చదనం పోయి ఆకు పసుపు తిరుగుతుంది. ఆ తర్వాత అంచెలంచెలుగా వేడి పెంచుకుంటూ పోయి, చివర ఈనె ఎండేటప్పటికి 70 డిగ్రీల దగ్గరికి తీసుకువెళతారు. అంతా కలిసి ఐదారు రోజుల పని.

"త్వరగా తెమిలిపోవాలని మొదటి రోజే మంట పెంచితే?" అని అడిగాను.

"ఏముందయ్యా! ఆకు పచ్చగానే ఎండిపోద్ది. ఆ తర్వాత ఎంత కాల్చినా పసుపు రాదు. తేమ పోకముందే ఎక్కువ పెట్టావంటే నల్లబడిద్ది. రెంటినీ వేలంలో అడిగేవాడుండడు."

"మరి ఇంట్లో పిల్లకు పెట్టిన మంట ఎన్ని డిగ్రీలు బావా?" అన్నాను.

బావ సమాధానం చెప్పలేదు. పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు.

తప్పు బుర్రది కాదు

మరునాడు పొద్దున పిల్లను కూర్చోబెట్టి చిన్న లెక్క ఇచ్చాను. మూడు బేళ్లు. బరువులు 118, 124, 131 కిలోలు. మొత్తం ఎంతో కంప్యూటరు చేత చెప్పించాలి.

మనిషైతే వేళ్ళమీద కూడి 373 అని చెప్పేస్తాడు. యంత్రానికి మాత్రం ప్రతి మాటా విడమరచి చెప్పాలి. "మొత్తం అని ఒక పేరు పెట్టుకొని, అందులో ముందు సున్న వేసుకో. జాబితాలోంచి ఒక్కొక్క బరువే తీసుకో. తీసుకున్నదాన్ని మొత్తానికి కలుపు. జాబితా అయిపోయేదాకా ఇట్లాగే చెయ్యి. అయిపోయాక మొత్తం చూపించు." చెప్పవలసింది ఇంతే. కాని వ్రాసే పిల్ల మనస్సులో ఒకేసారి ఎన్ని నిలవాలో చూడండి. పెట్టిన పేర్లు, వరస చివర రెండు చుక్కలు, కింది వరసను కొంత లోపలికి జరిపి వ్రాయడం, ఏది ఒక్కసారి జరగాలి, ఏది మళ్ళీ మళ్ళీ జరగాలి, ఇవన్నీ కలిసి ఎక్కడికి పోతున్నవి అన్న అసలు సంగతి. ఇందులో ఏ ఒక్కటి జారినా పని చెడుతుంది.

పిల్ల వ్రాసిన ప్రోగ్రాము 373కు బదులు 131 చూపించింది. సున్న వేసుకోమన్న వరస మళ్ళీ మళ్ళీ జరిగే భాగంలోకి జారిపోయింది. అందుచేత ప్రతి బేలుకూ మొత్తం తుడిచిపెట్టుకొని మళ్ళీ మొదలైంది. చివరి బేలు బరువు ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క వరస సంగతి పట్టుకోవడానికి పిల్లకు అరగంట పట్టింది. ఆ అరగంటకే నుదుట చెమట పోసింది.

ఇది మందబుద్ధి లక్షణం కాదు. జార్జి మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1956లో ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశాడు. మనిషి మనస్సు ఒక్క క్షణంలో పట్టి ఉంచగలిగిన సంగతులు ఏడు, మహా అయితే ఒకటి రెండు అటూ ఇటూ అన్నాడు. తర్వాత పరిశోధించినవారు ఆ సంఖ్యను నాలుగు దగ్గరికి తగ్గించారు. చదువుకున్నవాడికైనా, చదువురానివాడికైనా ఆ గూటిలో ఉన్న అరలు ఇంచుమించు అన్నే.

మరి ఆరితేరినవాడికి రెండు వందల వరసల ప్రోగ్రాము ఎట్లా తలకెక్కుతున్నది? దీనికి సమాధానం చదరంగం బల్ల మీద దొరికింది. 1973లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు ఒక పరీక్ష చేశారు. నిజంగా జరిగిన ఆటలోని స్థితిని ఐదు సెకన్లు చూపించి తీసేసి, ఏ పావు ఎక్కడున్నదో మళ్ళీ పెట్టమన్నారు. గొప్ప ఆటగాడు చాలావరకు సరిగా పెట్టాడు. కొత్తవాడు నాలుగైదుకే తడబడ్డాడు. అవే పావులను అర్థం పర్థం లేకుండా బల్లమీద చల్లి చూపిస్తే గొప్ప ఆటగాడి గొప్పతనం దాదాపు మాయమైంది. అతని జ్ఞాపకశక్తి మనకంటే పెద్దది కాదన్నమాట. విడివిడి పావులను కాక, నాలుగైదు కలిసిన మోపులను అతను చూస్తున్నాడు. మోపు ఎంత పెద్దదైనా గూటిలో ఒక్క అరలోనే ఇముడుతుంది.

1981లో ప్రోగ్రాములు వ్రాసేవారి మీద ఇటువంటి పరీక్షే చేస్తే ఇదే ఫలితం వచ్చింది. వరసలు సక్రమంగా ఉన్న ప్రోగ్రామును అనుభవజ్ఞులు బాగా జ్ఞాపకం పెట్టుకున్నారు. వరసలను కలగాపులగం చేసి ఇచ్చినప్పుడు వారికీ, కొత్తవారికీ పెద్ద తేడా లేకపోయింది.

"సున్న వేసుకో, ఒక్కొక్కటే తీసుకో, కలుపు" అన్న మూడు మాటలు మా పిల్లకు ఈనాడు మూడు బరువులు. నెల రోజులు చేతితో వ్రాస్తే అవి ఒక్క మోపవుతాయి. ఆ మోపు కట్టే పనే విద్య. మోపు కట్టేదాకా కలిగే అలసట పని జరుగుతున్నదనడానికి గుర్తే గాని, బుర్ర లేదనడానికి గుర్తు కాదు.

తంతి నేర్చినవారి అనుభవం

"రోజూ కూర్చుంటున్నా మూడు వారాలుగా అంగుళం కూడా కదల్లా" అన్నది పిల్ల. ఈ ఫిర్యాదు కంప్యూటరు కంటే పాతది.

మన దేశంలో తంతి వార్తలు 2013 జూలైతో ఆగిపోయినవి. తంతి వచ్చిందంటే గుండెలు దడదడలాడిన కాలం పెద్దవాళ్ళకు జ్ఞాపకమే. ఆ టకటకలను విని మాటలుగా పట్టుకోవడం నేర్చుకునేవారిని అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు పరిశీలించారు. వారిలో హార్టర్ స్వయంగా తంతి పని చేసినవాడు. వారు 1897లోనూ, 1899లోనూ ప్రకటించిన ఫలితాలలో ఒక చిత్రమైన గీత ఉన్నది. నేర్చుకునేవాడి వేగం కొంతకాలం చకచకా పెరుగుతుంది. ఆ తర్వాత వారాల తరబడి గీత నేలబారుగా పోతుంది. ఎంత సాధన చేసినా పెరగదు. చాలామంది అక్కడే నిరాశపడి మానుకునేవారట. ఓపిక పట్టినవాడికి ఒకనాడు గీత మళ్ళీ పైకి లేచేది.

దానికి వారు చెప్పిన కారణం ఇది. మొదట అక్షరాలు వినపడతాయి. అక్షరాలు బాగా నలిగిన తర్వాత మాటలు వినపడతాయి. మాటలు నలిగిన తర్వాత వాక్యాలు వినపడతాయి. ఒక మెట్టు నుంచి ఇంకొక మెట్టుకు పోయే నడుమ బయటికి ఏమీ కనపడకుండా లోపల పని జరుగుతూ ఉంటుంది. ఈ ఆగుదల ప్రతివాడికీ వచ్చి తీరాలన్న నియమం లేదని తర్వాతివారు తేల్చారు. నేర్పే పద్ధతిని బట్టి అది తగ్గవచ్చు, లేకనూ పోవచ్చు. కాని వచ్చినవాడు బెదిరిపోవలసిన పని లేదన్న సంగతి మాత్రం నిలిచింది.

మా పిల్ల చేసిన పొరపాటు ఇక్కడే ఉన్నది. ఆగుదల వచ్చినప్పుడల్లా భాష మార్చింది. కొత్త భాషలో మొదటి నాలుగు పాఠాలు తెలిసినవే గనుక గబగబా సాగేవి, ముందుకు పోతున్నట్లు తృప్తిగా ఉండేది. మళ్ళీ ఐదో పాఠం. మూడు బావులు పదేసి అడుగులు తవ్వి నీళ్ళు లేవన్నట్లయింది.

రోజుకొక గంట

నేను పి.యు.సి. చదివే రోజుల్లో టైపు నేర్చుకున్నాను. ఆ ఇన్‌స్టిట్యూట్లో రోజుకు ఒక గంట మాత్రమే మిషను మీద కూర్చోనిచ్చేవారు. గంట కొట్టగానే వెనకాల నిలబడ్డవాడికి కుర్చీ ఇచ్చి లేవాలి. సెలవుల్లో నాలుగు గంటలు చేసి నెలలో ముగిస్తానని మాస్టారిని ప్రాధేయపడ్డాను. "మిషన్లు లేవు, పో" అన్నారు. ఆయన లోభిత్వం వల్ల నాకు మేలే జరిగిందని తెలుసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

బ్రిటన్ తపాలాశాఖ ఉత్తరాల వింగడింపుకు యంత్రాలు తెచ్చినప్పుడు ఉద్యోగులకు టైపు మీటలు నేర్పవలసి వచ్చింది. బాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు వారిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు ఒక్క గంట. రెండు జట్లకు రెండేసి గంటలు, ఒకరికి ఒక్క విడతగా, మరొకరికి రెండు విడతలుగా. నాలుగో జట్టుకు రోజుకు నాలుగు గంటలు. 1978లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మీటలన్నీ నేర్చుకోవడానికి గంట జట్టుకు పట్టింది సుమారు 35 గంటలు. నాలుగు గంటల జట్టుకు ఇంచుమించు 50 గంటలు. అదే విద్యకు తొందరపడినవారు పదిహేను గంటలు ఎక్కువ ఖర్చు పెట్టారన్నమాట.

ఇందులో అసలు తమాషా మరొకటున్నది. అందరిలోకీ అసంతృప్తిగా ఉన్నది ఆ గంట జట్టువారే! క్యాలెండరులో చూసుకుంటే వారి విద్య ఎక్కువ వారాలు సాగింది. పక్క జట్టువాడు ముందే ముగించాడు. కాబట్టి తాము వెనకబడ్డామనుకున్నారు. పెట్టిన ప్రతి గంటకూ ఎక్కువ ఫలితం పొందుతున్నవారే తమకు రావడం లేదని దిగులుపడ్డారు. నిదానంగా సాగుతున్నట్లు మనకు తోచడమూ, నిజంగా నిదానంగా సాగడమూ ఒకటి కాదని దీని అర్థం.

రాత్రి రెండింటిదాకా మేలుకొని చదవడం ఇందుకు సరిగ్గా ఎదురు మార్గం. పగలు నేర్చిన సంగతులు మనస్సులో గట్టిపడే పని చాలావరకు నిద్రలో జరుగుతుంది. నిద్ర మాని చదివేవాడు ఒక చేత్తో నాటి మరొక చేత్తో పీకుతున్నాడు.

చూసిన విద్య, చేసిన విద్య

వీడియో చూస్తుంటే తెలిసినట్టే ఉండి, మూసేస్తే ఏమీ లేకపోవడానికీ కారణం ఉన్నది. 2006లో రోడిజర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికాలో విద్యార్థులకు కొన్ని పేరాలు ఇచ్చారు. కొందరు వాటిని మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు పుస్తకం మూసి, జ్ఞాపకమున్నది కాగితం మీద పెట్టారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే తారుమారైంది. పుస్తకం మూసి వ్రాసినవారే బాగా నిలబెట్టుకున్నారు.

వంట చేసేవారిని చూస్తూ కూర్చుంటే వంట రాదని మన ఆడవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. గోంగూర ఎంత మగ్గాలో చేయి కాల్చుకుంటేనే తెలుస్తుంది. పాఠం చెప్పేవాడు తప్పు లేకుండా గడగడా టైపు చేసుకుపోతాడు. నేర్చుకోవలసినదల్లా తప్పు వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే. అది ఆ వీడియోలో ఉండదు.

తప్పు రావడం అవమానమూ కాదు. 1947 సెప్టెంబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక పెద్ద లెక్కల యంత్రం మొరాయిస్తే విప్పి చూశారు. లోపల మీటల మధ్య ఒక రెక్కల పురుగు ఇరుక్కుని ఉన్నది. దాన్ని తీసి, దినచర్య పుస్తకంలో అంటించి, పక్కన సంగతి వ్రాసిపెట్టారు. యంత్రాల లోపాన్ని పురుగు అనడం అంతకుముందూ ఉన్నదే గాని, నిజమైన పురుగు దొరకడం అదే మొదలని చమత్కరించారు. మనం నేర్చుకోవలసింది ఆ అంటించి వ్రాసిపెట్టే అలవాటు.

కాటూరు నుంచి

మా నెల్లూరుకు పొరుగున, శ్రీకాళహస్తి దగ్గర కాటూరు అనే పల్లె ఉన్నది. అక్కడ 1937లో ఒక రైతు కుటుంబంలో దబ్బాల రాజగోపాలరెడ్డి పుట్టాడు. లోకం రాజ్ రెడ్డి అంటుంది. ఆ కుటుంబంలో కళాశాల మెట్లెక్కినవారిలో ఆయనే మొదటివాడు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టం పుచ్చుకున్నది కట్టడాల ఇంజనీరుగా. అక్కడినుంచి ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడ ఈ కొత్త యంత్రం వైపు మళ్ళాడు. 1966లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు తీసుకొని, 1969లో పైన చదరంగం పరీక్షకు చెప్పిన ఆ కార్నెగీ మెలన్‌లోనే చేరాడు.

ఆయన పట్టుకున్న పని, మనిషి మాట్లాడే మాట కంప్యూటరు చేత గుర్తింపజేయడం. డాక్టరేటు నుంచి పదేళ్ళు గడిచాక, 1976లో, అక్కడివారు తయారుచేసిన హార్పీ అనే ప్రోగ్రాము గుర్తుపట్టగలిగింది సుమారు వెయ్యి మాటలు. మేధావుల బృందం, పదేళ్ళు, వెయ్యి మాటలు! మూడేళ్ళ పసిబిడ్డ నవ్విపోతుంది. ఆ పని ఆగలేదు. 1994లో ఆయనకు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి, కంప్యూటరు విద్యలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమానం వచ్చింది. ఈనాడు మా అక్కయ్య సెల్‌ఫోనులో తెలుగున అడిగి పాటలు పెట్టించుకుంటున్నది. 2008లో మన పల్లెపిల్లల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో విద్యాలయాలు పెట్టినప్పుడు, వాటి విశ్వవిద్యాలయానికి తొలి కులపతి ఆయనే.

ఈ సంగతి చెప్పినప్పుడు పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పదేళ్ళకి వెయ్యి మాటలా మామా?" అన్నది. ఆ తర్వాత లేచి లాప్‌టాపు కిందికి దించింది.

మేము పెట్టుకున్న కట్టుబాట్లు

ఆ రాత్రి బావా, అక్కయ్యా, పిల్లా, నేనూ కూర్చొని కొన్ని కట్టుబాట్లు చేసుకున్నాము. మరెవరికైనా పనికివస్తాయని వ్రాస్తున్నాను.

ఒకటి: తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రం మరొక గంట. అంతకు మించి వద్దు. రాత్రి పదింటికి దీపం ఆరాలి. ఆదివారం సెలవు.

రెండు: పైథాన్ ఒక్కటే. సంవత్సరం దాకా మరొక భాష పేరెత్తరాదు.

మూడు: పొద్దున కూర్చోగానే మొదటి పావుగంట, నిన్న వ్రాసినదాన్ని చూడకుండా మళ్ళీ వ్రాయాలి. రాకపోతే చూసి, మూసి, మళ్ళీ వ్రాయాలి. ఆ తర్వాతే కొత్త పాఠం. రోజుకు కొత్త సంగతి ఒక్కటే.

నాలుగు: తప్పుల పుస్తకం. ప్రతి తప్పూ, అది ఎందుకు వచ్చింది, ఎట్లా పోయింది తెలుగులో రెండు వాక్యాలు. మొదటి పేజీలో మొదటి తప్పు, "సున్న లోపల పెట్టినా. 131 వచ్చింది."

ఐదు: ఇరవై నిమిషాలు కుస్తీపట్టినా కదలకపోతే లేచిపోవాలి. బావి దగ్గరికో, బ్యారన్ దగ్గరికో నడిచి రావాలి. కుర్చీలో దొరకని సమాధానం దారిలో తగలడం అందరికీ అనుభవమే.

ఆరు: పాఠ్యపుస్తకంలోని లెక్కలు కాక, ఇంటికి పనికివచ్చే లెక్క ఒకటి పెట్టుకోవాలి. బావ బేళ్ల లెక్క ప్రోగ్రాముగా వ్రాయాలని తీర్మానించాము.

ఏడోది పెద్దలకు. "ఎంతవరకు వచ్చింది?" అని రోజూ అడగరాదు. ఆకు పండిందా అని గంటగంటకూ తలుపు తీసి చూస్తే బ్యారన్‌లో వేడి నిలవదు. వారానికి ఒకసారి, వ్రాసినది చూపించమని అడిగితే చాలు. అర్థం కాకపోయినా కూర్చొని చూడాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. అలసట అంతా చదువు వల్లనే అనుకోరాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా, అది కట్టుబాట్లతో తీరేది కాదు. సిగ్గుపడకుండా వైద్యుణ్ణి చూడాలి.

బేళ్ల లెక్క

ఉగాదికి నేను వెళ్ళలేకపోయాను. ఫోను చేశాను. ప్రోగ్రాము ఇంకా పూర్తి కాలేదన్నది పిల్ల. తప్పుల పుస్తకంలో మాత్రం ముప్ఫై నాలుగు తప్పులు చేరినవట. వాటిలో మొదటి వారం చేసిన తప్పు ఒక్కటీ నాలుగో వారంలో మళ్ళీ రాలేదట. గొంతులో దిగులు లేదు. గడువు సంగతి బావ ఎత్తలేదు. పిల్లా ఎత్తలేదు.

వైశాఖంలో వెళ్ళినప్పుడు పని పూర్తయింది. అంతా కలిసి అరవై వరసల లోపే. బేలు నంబరు, బరువు, కిలో ధర ఇస్తే మొత్తం బరువూ, రావలసిన డబ్బూ, సగటు ధరా చూపిస్తుంది. బావ తన చేతి పుస్తకంలో ఆ సీజనుకంతా కూడిపెట్టుకున్న మొత్తంతో పోల్చి చూస్తే 124 కిలోలు తేడా వచ్చింది.

"కంప్యూటరే తప్పు" అన్నాడు బావ.

పిల్ల ఏమీ అనలేదు. చేతి పుస్తకం తీసుకొని ఒక్కొక్క బేలే చదువుతూ కూర్చున్నది. మూడో పేజీలో దొరికింది. ఒకే బేలు రెండుసార్లు ఎక్కింది, ఒకసారి పేజీ చివర, మరొకసారి తర్వాతి పేజీ మొదట. బావ కళ్ళజోడు పెట్టుకొని రెండుసార్లు చూసుకున్నాడు.

"ఇది ఇంకెవరికన్నా చేసి ఇయ్యొచ్చునా?" అన్నాడు కొంతసేపటికి.

ఇప్పుడు మరి రెండు ఇళ్ళవారు తమ లెక్కలు పిల్ల దగ్గరికి తెస్తున్నారు. ఉద్యోగం వచ్చిందా అని అడిగేవారికి ఇంకా రాలేదనే సమాధానం. రోజుకు రెండు గంటల చదువు సాగుతున్నది. రాత్రి పదింటికి దీపం ఆరుతున్నది. తప్పుల పుస్తకం రెండోది మొదలైంది. లాప్‌టాపు మళ్ళీ బీరువా ఎక్కలేదు.

నేను బయల్దేరేటప్పుడు బావ బస్సుదాకా వచ్చాడు. "సంబంధాల మాట నిదానంగా చూద్దాంలే. వచ్చే ఏటి ఆకుకి కూడా లెక్క దానిచేతే రాయిస్తా" అన్నాడు.